ఈసా (అ) గురించి మన పొరుగువారు నిజంగా ఏమంటున్నారు?

రాజాం నుంచి ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు గనక ప్రకటించడం లేదు. ఆమె కుమారుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పక్క వీధిలోని క్రైస్తవుల అబ్బాయి వాడికి ఒకటో తరగతి నుంచీ స్నేహితుడు. ఒకరోజు ఆటస్థలంలో మాటా మాటా పెరిగింది. ‘మీ దేవుడికి కొడుకుంటే మరి పెళ్లాం ఎవర్రా?’ అని మనవాడు అడిగేశాడు. ఫోనులో ఎవరో మాట్లాడుతుంటే విని పట్టుకొచ్చిన ప్రశ్న అది. చుట్టూ ఉన్న పిల్లలు పగలబడి నవ్వారు. రెండో పిల్లవాడు ఏడ్చుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం నుంచి రెండిళ్ల మధ్య మాటలు లేవు. ‘వాళ్లమ్మను నేను అక్కా అని పిలుస్తాను. నాకు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు అన్నం, కూర వండి పంపింది ఆవిడే. ఇప్పుడు కుళాయి దగ్గర కనబడితే ముఖం తిప్పుకుంటున్నది. మా వాడేమో, నేనేం తప్పన్నాను, ఖుర్ఆన్‌లో ఉన్నదే కదా అంటున్నాడు. వాడికి నేనేం జవాబు చెప్పాలి?’ అని ఆ సోదరి అడిగారు.

ఈ ఉత్తరాన్ని మేము రెండుసార్లు చదివాం. ఒక ఇంటి గొడవగా దీన్ని పక్కన పెట్టలేకపోయాం. ఎందుకంటే ఆ అబ్బాయి అన్నమాటలో సగం నిజమున్నది. అల్లాహ్‌కు సహధర్మచారిణి లేనప్పుడు సంతానం ఎలా కలుగుతుందన్న ప్రశ్న దివ్య ఖుర్ఆన్‌లో నిజంగానే ఉన్నది. అన్ఆమ్ సూరాలో, 101వ ఆయత్‌లో ఉన్నది. అయితే ఆ ప్రశ్న ఎవరి ముందు ఉంచబడింది? అంతకు ముందరి ఆయత్ చదివితే తెలుస్తుంది. జిన్నులను దైవానికి సాటి కల్పించినవారు, తెలివిలేకుండా ఆయనకు కొడుకులనూ కూతుళ్లనూ అంటగట్టినవారు అక్కడ ప్రస్తావనకు వచ్చారు. దైవదూతలు అల్లాహ్ కుమార్తెలని మక్కా బహుదైవారాధకులు నమ్మేవారు. సంతానమంటే వారి మనసులో ఉన్నది మనుషుల్లో జరిగే సంతానమే. ఆ భావం మీద ఆ ప్రశ్న పిడుగులా పడింది.

మరి రాజాంలో ఆ పక్క వీధివారు నమ్మేది అదేనా? కాదు. దేవుడికి భార్య ఉన్నదని, ఆయన ఒక స్త్రీ ద్వారా మనుషుల మాదిరిగా బిడ్డను కన్నాడని ఏ క్రైస్తవ సంఘమూ బోధించదు. ఆ మాట వింటే మనకు ఎంత రోత కలుగుతుందో వారికీ అంతే కలుగుతుంది. ఆ పిల్లవాడు ఏడ్చింది జవాబు తోచక కాదు, తాము ఎన్నడూ అనని ఒక బూతుమాటను తమకు అంటించి నలుగురిలో నవ్వారని. సత్యమైన ఆయత్‌ను తెచ్చి, అది వర్తించని చోట ఎగతాళిగా వాడితే ఆ తప్పు ఆయత్‌ది కాదు, వాడినవారిది.

క్రైస్తవులు ‘దేవుని కుమారుడు’ అన్నప్పుడు వారి ఉద్దేశం ఏమిటో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలుసుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. ఈ మాట మేము ముందే చెప్పుకుంటున్నాం, ఎందుకంటే ఇలాంటి వ్యాసం వేసిన ప్రతిసారీ ‘మీరు మెత్తబడిపోయారు’ అని ఒకటి రెండు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి.

వారి మూల విశ్వాసం ఇది. దేవుడు ఒక్కడే. ఆ ఒక్క దేవునిలోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడు విధాలైన ఉనికి అనాదిగా ఉన్నది. దీన్ని తెలుగులో త్రిత్వమంటారు, త్రియేక దేవుడంటారు. ‘ముగ్గురు వ్యక్తులు’ అని కూడా చెబుతారు. ఇక్కడే చిక్కు వచ్చింది. తెలుగులో ముగ్గురు వ్యక్తులంటే రచ్చబండ మీద కూర్చున్న ముగ్గురు మనుషులు మన కళ్ల ముందు మెదులుతారు. గ్రీకు, లాటిన్ భాషల్లో వారి పండితులు ఎంచుకున్న పదాలకు ఆ అర్థం లేదు. కుమారుడనే మాటకూ వారు పుట్టుక అనే అర్థం చెప్పరు. సూర్యుని నుంచి ఎండ వచ్చినట్టు, తండ్రి ఉన్నప్పటి నుంచీ కుమారుడూ ఉన్నాడంటారు. సూర్యుడు ఉండి ఎండ లేని గడియ ఉండదు కదా అన్నది వారి పూర్వ పండితుల దృష్టాంతం. ఆ అనాది కుమారుడే, వారి మాటల్లో దేవుని వాక్యమే, మర్యమ్ (అ) గర్భాన మనిషిగా పుట్టాడని, ఆయనే యేసు అని వారి నమ్మకం.

మరొక పొరపాటు కూడా మనలో ఉన్నది. త్రిత్వమంటే దేవుడు, మర్యమ్, ఈసా అని కొందరు అనుకుంటారు. మాయిదా సూరా చివర, తననూ తన తల్లినీ దైవాలుగా చేసుకోమని నీవు ప్రజలకు చెప్పావా అని అల్లాహ్ ఈసా (అ)ను ప్రశ్నించే ఘట్టం చదివి అలా అనుకుంటారు. కాని ఆ ఆయత్ త్రిత్వంలో ఎవరెవరున్నారో జాబితా చెప్పడం లేదు, మర్యమ్‌ను ఆరాధ్య స్థానానికి ఎత్తినవారిని ఖండిస్తున్నది. గుణదల తిరునాళ్లకు వెళ్లే కథోలికులు మరియమాతను ఎంతో గౌరవించి, తమ కోసం ప్రార్థించమని ఆమెను వేడుకుంటారు. అయినా ఆమెను దేవుడని వారు అనరు. ఇక ఉత్తరాంధ్రలో ఎక్కువగా ఉన్న బాప్టిస్టు సంఘాలవారైతే ఆమెను వేడుకోవడం కూడా ఒప్పుకోరు. ఆ తేడా తెలియకుండా బాప్టిస్టు పిల్లవాడి దగ్గర మరియమాత మాట ఎత్తితే వాడు తెల్లమొహం వేస్తాడు.

బాప్టిస్టుల ప్రస్తావన వచ్చింది గనక ఈ ప్రాంతపు సంగతి కొంత చెప్పాలి. రాజాం అంటే తాండ్ర పాపారాయుడి ఊరని అందరికీ తెలుసు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్నది. ఇక్కడ మనమూ కొత్తవాళ్లం కాము. శ్రీకాకుళంలో షేర్ ముహమ్మద్ ఖాన్ మస్జిద్ 17వ శతాబ్దం నాటిది. ఆయన పేరులోని ‘షేర్’ను బట్టే పెద్దపులి అనే అర్థంలో బొబ్బిలికి ఆ పేరు వచ్చిందని ఒక ఐతిహ్యం. క్రైస్తవం ఈ తీరానికి తరువాత వచ్చింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నంలో దిగారు. క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. మూడు సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారు. కెనడా బాప్టిస్టులు 1879లో బొబ్బిలిలో మిషన్ పెట్టారు.

విచిత్రమేమిటంటే, దివ్య ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు కూడా ఈ శ్రీకాకుళం ప్రాంతంవారే. ఆయన ముస్లిం కాదు. బ్రాహ్మణ పండితుడు. అంటే వారి గ్రంథమూ మన గ్రంథమూ తెలుగులో మాట్లాడడానికి ఈ తీరమే పలక పట్టించింది. ఒకే తెలుగు రెండు విశ్వాసాలకూ పనిచేయవలసి వచ్చింది. ‘అద్వితీయుడు’ అనే మాట చూడండి. మనం ఇఖ్లాస్ సూరా భావం చెప్పేటప్పుడు అల్లాహ్ ఏకైకుడు, అద్వితీయుడు అంటాం. వారి తెలుగు బైబిలులో అదే మాట యేసుకు, ‘అద్వితీయ కుమారుడు’ అని విశేషణమయ్యింది. మన నోట ఆ మాటకు కుమారుడే లేనివాడని అర్థం. వారి నోట ఆ కుమారునికి సాటి మరొకరు లేరని అర్థం. ఒకే గుడ్డను ఇద్దరు దర్జీలు రెండు తీర్లుగా కుట్టినట్టున్నది. ‘అవతారం’ మాటా అంతే. నరావతారమని వారు అంటే చుట్టుపక్కల హిందూ సోదరులు దశావతారాల్లో పదకొండోది అనుకుంటారు. వారేమో, ఇది ఒక్కసారే జరిగింది, వేషం కాదు, ఆకలీ దప్పీ నొప్పీ చావూ ఉన్న నిజమైన మనిషి అంటారు.

ఇక నైసియా సభ సంగతి. క్రైస్తవులతో వాదానికి దిగే మన యువకుల నోట ఈ పేరు తరచు వినిపిస్తుంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి సభ పెట్టి, చేతులెత్తించి, ఈసా (అ)ను దేవుణ్ణి చేశాడనీ, బైబిలులో ఏ పుస్తకాలుండాలో అక్కడే తేల్చాడనీ చెబుతుంటారు. ఇందులో రెండో ముక్క అబద్ధం. బైబిలు పుస్తకాల జాబితా ఆ సభ తేల్చిన విషయం కాదు. మొదటి ముక్కను సరిదిద్దుకోవాలి. క్రీస్తుశకం 325లో ఆ సభ జరిగిన మాట వాస్తవం. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా పోప్ 14వ లియో టర్కీలోని ఆ ఊరికి, ఇప్పటి ఇజ్నిక్‌కు వెళ్లి వచ్చారు. అలెగ్జాండ్రియాకు చెందిన ఆరియస్ అనే బోధకుడు, కుమారుడు కూడా సృష్టించబడినవాడేనని, ఆయన లేని కాలం ఒకటుండేదని చెప్పాడు. సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడు సృష్టి కాదు, తండ్రితో ఒకే సారం గలవాడని తీర్మానించింది. అంటే తగాదా అప్పటికే ఉన్నది. యేసును ఆరాధించడం అంతకు చాలా ముందే ఉన్నది. 112 ప్రాంతంలో ప్లైనీ అనే రోమన్ అధికారి తన చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు తెల్లవారుజామున కూడి క్రీస్తును దేవునిలా భావించి పాటలు పాడుతున్నారని తెలియజేశాడు. నైసియాకు రెండు వందల ఏళ్లకు పైగా ముందటి మాట ఇది.

నైసియాతో వివాదం తీరలేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో పరిశుద్ధాత్మ గురించి, 431లో ఎఫెసులో మర్యమ్‌కు ఇవ్వదగిన బిరుదు గురించి, 451లో కాల్సెడోన్‌లో యేసులోని దైవత్వం, మానవత్వం గురించి సభలు జరిగాయి. ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, అయినా ఒక్కడే అని కాల్సెడోన్ చెప్పింది. ఈజిప్టు, ఆర్మీనియా, సిరియా సంఘాలు చాలావరకు ఆ సూత్రాన్ని అంగీకరించక విడిపోయాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఈసా (అ) ప్రార్థన చేశారు కదా, ప్రళయ ఘడియ తనకు తెలియదన్నారు కదా, ఆకలి గొన్నారు కదా, మరి దేవుడెలా అవుతాడని మనం అడిగే ప్రశ్నలు వారు వెయ్యిన్నర ఏళ్లుగా తమలో తాము అడుగుకుంటున్నవే. అవి ఆయన మానవత్వానికి సంబంధించినవన్నది వారి జవాబు. ఆ జవాబు మనకు సమ్మతం కాకపోవచ్చు. మాకూ సమ్మతం కాదు. కాని, తమ పుస్తకం తాము చదువుకోనివాళ్లని పొరుగువారిని అనుకోవడం మాత్రం అహంకారం. అహ్మద్ దీదాత్ (1918-2005) క్యాసెట్లు ఇంటింటా తిరిగిన రోజులు మాకు గుర్తున్నాయి. ఆయన వాద పద్ధతి అందరికీ నచ్చకపోవచ్చు. కాని ఆ పెద్దమనిషి బైబిలును ఏళ్ల తరబడి చదివి మాట్లాడాడు. ఇప్పుడు అర నిమిషం వీడియో చూసినవాడు కూడా దీదాత్ అయిపోతున్నాడు.

మరి మనకూ వారికీ తేడా ఎక్కడున్నది? భార్య దగ్గర లేదు, మర్యమ్ దగ్గర లేదు. ఈసా (అ) తండ్రి లేకుండా కన్య మర్యమ్‌కు పుట్టారని ఇద్దరమూ నమ్ముతాం. ఆయన మసీహ్ అని, అల్లాహ్ అనుమతితో రోగులను స్వస్థపరచారని నమ్ముతాం. ఆయన మళ్లీ వస్తారని కూడా నమ్ముతాం. ఖుర్ఆన్ ఆయనను అల్లాహ్ వాక్కు అని పేర్కొన్నది. ఈ చివరి మాట పట్టుకొని వారు మనల్ని అడిగే ప్రశ్న ఒకటున్నది. 8వ శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన యోహాను అనే క్రైస్తవ పండితుడు రాసిపెట్టిన ప్రశ్న అది. దైవవాక్కు సృష్టించబడిందా, అనాదియా? అనాది అంటే ఈసా అనాది అయ్యాడు కదా, సృష్టి అంటే దేవుడు ఒకప్పుడు వాక్కు లేకుండా ఉన్నాడా? చురుకైన ప్రశ్నే. అల్లాహ్ కలామ్ సృష్టి కాదన్నందుకు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) చెరసాలలో కొరడా దెబ్బలు తిన్నారు. 833లో ఖలీఫా మామూన్ మొదలుపెట్టిన విచారణల్లో జరిగిన సంగతి అది. అయితే కలామ్ అల్లాహ్ గుణం, అది ఆరాధించబడే మరో ఉనికి కాదు. ఈసా (అ) వాక్కు అన్నది ‘అయిపో’ అన్న ఆజ్ఞతో ఉనికిలోకి వచ్చినందుకు. ఆయన ఉపమానం ఆదమ్ (అ) వంటిదని ఆలి ఇమ్రాన్ సూరా తేల్చింది. మన జవాబు ఇది. ఇంత లోతున్న చర్చను మనం ఆటస్థలంలో పెళ్లాం మాటగా దింపుకున్నాం.

అసలు తేడా సృష్టికర్త మనిషి అయ్యాడా లేదా అన్నచోట ఉన్నది. మనిషైన ఈసా (అ)కు ఆరాధన తగునా అన్నచోట ఉన్నది. తగదని తౌహీద్ అంటుంది, ఇందులో మనకు బేరం లేదు. దాని వెనుక ఇంకా పెద్ద తేడా ఒకటున్నది, దాన్ని మనవాళ్లు తక్కువగా చర్చిస్తారు. మనిషి పాపం ఎలా తీరుతుంది? మనిషి తనంతట తాను దేవుని వద్దకు చేరలేనంతగా చెడిపోయాడని, ఆ బాకీ దేవుడే మోసి సిలువ మీద తీర్చాడని క్రైస్తవులంటారు. అందుకే వారికి యేసు ప్రవక్త అయితే చాలదు, దేవుడే కావాలి. సిలువ జరగలేదంటే వారి ఇల్లు మొత్తం కూలుతుంది. ఖుర్ఆన్ మాట వేరు. ఆదమ్ (అ) పశ్చాత్తాపపడ్డారు, అల్లాహ్ క్షమించాడు, ఆ లెక్క అక్కడితో సరి. ఒకరి బరువు ఇంకొకరు మోయరు. ఈసా (అ)ను వారు చంపనూ లేదు, సిలువ వేయనూ లేదు, అల్లాహ్ ఆయనను తనవైపు ఎత్తుకున్నాడు. పిల్లలకు మన విశ్వాసం చెప్పేటప్పుడు ఈ చోట నిలబెట్టి చెప్పాలి. కరుణామయుడు క్షమించడానికి ఎవరి రక్తమూ అవసరం లేదన్న మాట వాడికి అర్థమైతే, పెళ్లాం ప్రశ్న వాడికే చిన్నదిగా తోస్తుంది.

ఇంకొక సంగతి. రాజాం ప్రాంతంలో క్రీస్తును నమ్ముకున్న కుటుంబాల్లో చాలామంది పూర్వులు ఊరి బయట ఉంచబడినవారు. వారి తాతలు నైసియా తీర్మానం చదివి ఆ మతంలో చేరలేదు. అందరితో పాటు బల్ల మీద కూర్చోమన్నారు, ఒకే రొట్టె విరిచి ఇచ్చారు, పిల్లలకు అక్షరాలు నేర్పారు. తనలాగే అవమానపడి, ఊరి బయట చంపబడిన ఒక ప్రభువు వారికి కనబడ్డాడు. యేసు అంటే వారికి ముందు అర్థమైంది ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైనవారికి ఎస్సీ హోదా పోతుంది గనక జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పుకోలేనివారు కూడా ఉన్నారు. అలాంటి ఇంటి పిల్లవాడి ముందు వాడి ప్రభువును నవ్వులపాలు చేస్తే, వాడికి తగిలే దెబ్బ వేదాంతపు దెబ్బ కాదు. అవమానం ఎలా ఉంటుందో మనకూ తెలియనిది కాదు. మన ప్రియ ప్రవక్త (స) మీద ఎవరో చెత్త మాట అన్నప్పుడు మన గుండె ఎలా మండుతుందో ప్రతి ఇంటికీ తెలుసు.

ప్రవక్త (స) కాలంలో ఈ చర్చ జరగలేదా? జరిగింది. నజ్రాన్ క్రైస్తవుల బృందం మదీనాకు వచ్చి ఈసా (అ) గురించి వాదించింది. వారి నమాజు వేళ అయినప్పుడు మస్జిదె నబవీలోనే వారిని ప్రార్థించుకోనిచ్చారని సీరత్ గ్రంథాల్లో ఉన్నది. వాదం తెగలేదు, ఒడంబడికతో తిరిగి వెళ్లారు. అంతకు ముందు హబషా రాజు నజాషీ దర్బారులో హజ్రత్ జాఫర్ (రజి)ను నీ ప్రవక్త ఈసా గురించి ఏమంటాడని నిలదీశారు. ప్రాణాలు ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి. జాఫర్ (రజి) దాచలేదు, తగ్గించలేదు. ఈసా అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కాని ఆ సభలో ఒక్క ఎగతాళి మాట లేదు. గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అన్కబూత్ సూరా ఆజ్ఞాపిస్తున్నది. ఇది ఇష్టమైతే చేసే పని కాదు, ఆజ్ఞ.

అటువైపు నుంచి కూడా ఎగతాళులు వస్తాయని మాకు తెలుసు. పండుగ సభల్లో మైకు పెట్టి మన ప్రవక్త (స)ను తక్కువ చేసే బోధకులు లేకపోలేదు. కాని 1965లో వాటికన్ మహాసభ, ముస్లింలు యేసును దేవుడని ఒప్పుకోకపోయినా ప్రవక్తగా గౌరవిస్తారని, ఆయన తల్లిని ఆదరిస్తారని ఉన్నది ఉన్నట్టు రాసుకున్నది. మన విశ్వాసాన్ని వారు సరిగ్గా చెప్పగలిగినప్పుడు, వారి విశ్వాసాన్ని సరిగ్గా చెప్పడం మనకు భారమా? 2007లో 138 మంది ముస్లిం విద్వాంసులు క్రైస్తవ పెద్దలకు బహిరంగ లేఖ రాశారు. అందులో భేదాలను దాచలేదు, దూషణా లేదు.

ఇక ఆ సోదరికి మా జవాబు. అమ్మా, మీ అబ్బాయిని కొట్టకండి. వాడు చదివిన ఆయత్ సరైనదే, వాడిన చోటు తప్పని కూర్చోబెట్టి చెప్పండి. అన్ఆమ్ సూరా అనువాదం 100వ ఆయత్ నుంచి వాడి చేతే చదివించండి. అదే సూరాలో 108వ ఆయత్ వరకు చదవనివ్వండి. ఇతరులు వేడుకునేవాటిని దూషించవద్దన్న ఆజ్ఞ అక్కడే, ఏడు ఆయత్‌ల దూరంలోనే ఉన్నది. ఫోనులో మాట్లాడిన మనిషి అంత దూరం వచ్చి ఉండడు. తరువాత వాణ్ణి వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లండి. పెద్దమ్మా, మీరు అనని మాట మీకు అంటగట్టాను, తప్పయింది అని వాడే చెప్పాలి. తన విశ్వాసం గురించి వాడు క్షమాపణ చెప్పనక్కరలేదు. ఈసా (అ) గురించి మీరేం నమ్ముతారని ఆవిడ అడిగితే మర్యమ్ సూరా భావం చెప్పమనండి.

ఉత్తరం చివర మీరు మరో ప్రశ్న అడిగారు. క్రిస్మస్‌కు ఆ అక్క పంపే పళ్లెం తీసుకోవచ్చా అని. గ్రంథప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమేనని మాయిదా సూరా 5వ ఆయత్‌లో ఉన్నది. పండుగ శుభాకాంక్షలు చెప్పే విషయంలోనూ, పండుగ కానుకల విషయంలోనూ విద్వాంసుల్లో భేదాభిప్రాయాలున్నాయి గనక ఆ సంగతి మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. కేకులో సారా కలిపారేమోనన్న అనుమానముంటే ఆవిడనే అడగండి, చెబుతారు. కజ్జికాయలకైతే ఆ అనుమానం కూడా అక్కరలేదు. అయితే ఈసారి పళ్లెం అటునుంచి వచ్చేదాకా ఆగకండి. ముందు మీ గిన్నె వెళ్లాలి, అబ్బాయి చేతే పంపండి.